హీరోయిన్ ఏం పని చేస్తుందో ఎవరికైనా గుర్తుందా?

పోయిన సంచికలో ఊరికే ఒక మాట అన్నాను, ఈమధ్య చూసిన ఒక పెద్ద సినిమాలో హీరోయిన్ ఏం చదువుకుందో ఏం పని చేస్తుందో ఇంటికొచ్చి ఎంత గింజుకున్నా గుర్తు రాలేదని. హీరో బైక్ రంగు గుర్తుంది, విలన్ మీసం గుర్తుంది, ఈ అమ్మాయి పేరు మాత్రం సగమే గుర్తుంది. అంతే, ఉత్తరాలు, వాట్సాప్ లు, ఒకాయనైతే ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు. సగం మంది తిట్టారు, సగం మంది అడిగారు. తిట్టినవాళ్లకి నమస్కారం, అడిగినవాళ్లకి ఇవిగో జవాబులు. ఊళ్లు ఉంచాను, మనుషుల పేర్లు తీసేశాను.

*

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి బెంగళూరులో చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు నేను టీవీలో గుండమ్మ కథ చూస్తుంటే "అమ్మా, ఇది బెక్డెల్ టెస్ట్ పాసవుతుందా" అని నవ్వింది. అదేం పరీక్షండీ? అయినా పాత సినిమాల్లో ఆడవాళ్లని బాగానే చూపించేవాళ్లు కదా, ఇప్పుడే కదా చెడగొట్టింది?
(ఒక గృహిణి, రాజమండ్రి)

జవాబు: మీ అమ్మాయి గట్టిదే. ఆ టెస్ట్ పుట్టింది సినిమాల్లో కాదండీ, కామిక్స్ లో. అలిసన్ బెక్డెల్ అని అమెరికాలో ఒక కార్టూనిస్టు, 1985లో ఒక స్ట్రిప్ వేసింది, ఇద్దరాడవాళ్లు సినిమాకి వెళ్దామా అనుకుంటూ పోస్టర్ల ముందు నడుస్తుంటారు, అందులో ఒకామె నాకో రూల్ ఉంది అంటుంది. సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాటలు మగాడి గురించి కాకుండా ఇంకే విషయం గురించైనా ఉండాలి. ఇంతే రూలు. ఆ లెక్కన ఆమె ఆఖరిసారి చూడగలిగిన సినిమా ఏలియన్ అట, అది 1979లో వచ్చింది, అందులో ఇద్దరాడవాళ్లు రాక్షసి గురించి మాట్లాడుకుంటారు కాబట్టి సరిపోయింది. జోక్ గా వేసిందే, ఐడియా కూడా తన ఫ్రెండ్ లిజ్ వాలెస్ ది అని బెక్డెలే చెప్పింది, కానీ చూస్తుండగానే అది ప్రపంచమంతా వాడే కొలబద్ద అయిపోయింది.

ఇక మీ గుండమ్మ కథ. పాసే! మామూలు పాస్ కాదు, ఫస్ట్ క్లాస్. గుండమ్మ సవతి కూతురు లక్ష్మికి ఇంటిపనంతా పురమాయిస్తూనే ఉంటుంది కదా, అక్కడ మగాడి ఊసే లేదు, అంట్లు, వంట, చాకిరీ. అందుకే నేనంటాను ఈ టెస్ట్ గుమ్మం లాంటిదని, గుమ్మం దాటినంత మాత్రాన ఇంట్లో భోజనం పెడతారని కాదు. ఇద్దరాడవాళ్లు మాట్లాడుకుంటారు సరే, మాట్లాడుకునేదంతా ఒకర్నొకరు ఏడిపించుకోడానికే. సరోజకి పొగరు ఉంది కాబట్టి దాన్ని అణచాలి, అణిచేది ఎవరు, హీరో. గుండమ్మని ఏడిపించడానికి ఇంకో గయ్యాళిని, ఛాయాదేవిని తెచ్చారు. మహిళా లోకం నిద్ర లేచిందన్న పాట కూడా అందులోదే, పాడింది మాత్రం ఎన్టీఆర్ పాత్ర. నాకు చాలా ఇష్టమైన పాట, ఇష్టమైన సినిమా, అయినా ఇవన్నీ కనబడకుండా పోవు కదా.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి ఒక ముసలి గయ్యాళి పాత్ర పేరు టైటిల్ గా పెట్టారు. సూర్యకాంతం గారి పాత్ర పేరు! ఇవాళ ఇద్దరు స్టార్లతో సినిమా తీసి దానికి అత్తగారి పేరు పెడతామని ఏ నిర్మాతకైనా చెప్పి చూడండి, టీ కూడా ఇవ్వకుండా పంపిస్తాడు.

మిస్సమ్మ గుర్తుందా, 1955. మేరీకి ఉద్యోగం కావాలి, తండ్రి అప్పు తీర్చాలి, అప్పిచ్చినవాడు పెళ్లి చేసుకుంటానని మీద పడుతున్నాడు, బడిలో టీచర్లుగా భార్యాభర్తలే కావాలంటే ముక్కూమొహం తెలీని మనిషితో మొగుడూపెళ్లాల్లా నటించడానికి సిద్ధపడింది. కథ నడిచేదే ఆ అమ్మాయి జీతం అవసరం మీద. ఆవిడ ఏం పని చేస్తుందో డెబ్భై ఏళ్ల తర్వాత కూడా మీకు నాకు గుర్తుందంటే అదీ సంగతి. బట్టల గురించి కాదండీ నా గొడవ, ఎప్పుడు ఈ టాపిక్ వచ్చినా మనవాళ్లు బట్టల దగ్గరే ఆగిపోతారు. నిండా చీర కట్టుకున్న హీరోయిన్ కి కథలో పనేమీ లేకపోవచ్చు, జీన్స్ వేసుకున్న అమ్మాయి కథంతా లాక్కెళ్లొచ్చు.

పాతవన్నీ మంచివి అని మాత్రం అనకండి. డెబ్భైల్లో జ్యోతిలక్ష్మి, జయమాలిని డాన్సులు లేని సినిమా దొరకడం కష్టంగా ఉండేది, మీరు అవి ఛానెల్ మార్చి చూడ్లేదంతే.

*

ప్రశ్న: ఆంటీ, హీరో అమ్మాయి వెంటపడితే తప్పు తప్పు అంటారు. సినిమా చూసి ఎవరైనా అలా చేస్తారా? మాకు ఆ మాత్రం తెలీదా?
(ఇంజినీరింగ్ స్టూడెంట్, వరంగల్)

జవాబు: నీకు తెలుసు బాబూ, నువ్వు మంచోడివే అనుకుందాం. నేను చెప్పేది విను. నేను కాలేజీకెళ్లే రోజుల్లో ఒకబ్బాయి మూడు నెలలు సైకిల్ మీద వెనకాలే వచ్చేవాడు, ఏమీ అనేవాడు కాదు, బస్టాపులో నిలబడి చూస్తుండేవాడు. నేను దారి మార్చాను, టైమ్ మార్చాను, చివరికి మా అన్నయ్యని తోడు తీసుకెళ్లాల్సొచ్చింది, అన్నయ్యకి చెప్తే కాలేజీ మాన్పిస్తారేమో అని భయపడి ఆ మూడు నెలలూ చెప్పలేదు. ఇదే సినిమాలో అయితే ఆ మూడు నెలలు ఒక పాట, నాలుగు లొకేషన్లు, చివర్లో నేను నవ్వాలి. ఆ అబ్బాయి కూడా నేను నవ్వుతానని ఎదురు చూశాడేమో అని ఇప్పటికీ అనుమానం. వద్దు అంటే వద్దు అని కాదు, ఇంకొంచెం ప్రయత్నించు అని వాడికి ఎవరు నేర్పారు మరి? బళ్లో అయితే కాదు.

నిర్భయ ఘటన తర్వాత 2013లో ఐపీసీలో 354డీ అని కొత్త సెక్షన్ పెట్టారు, ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా వెంటపడటం, ఫోన్లలో నెట్లో కాపు కాయడం నేరం, మొదటిసారికి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. హైదరాబాద్ లో షీ టీమ్స్ 2014 అక్టోబర్ లో మొదలైంది ఇలాంటివాళ్ల కోసమే. అంటే మన సినిమాల్లో ఫస్టాఫ్ మొత్తం కేసు పెట్టదగ్గ వ్యవహారం అన్నమాట, సెకండాఫ్ లో అదే పెళ్లి అయిపోతుంది.

చూసి చేస్తారా అన్నావు కదా, 2015లో ఆస్ట్రేలియాలో, టాస్మేనియా కోర్టులో ఒక భారతీయ కుర్రాడి మీద ఇద్దరమ్మాయిల వెంటపడ్డ కేసు నడిచింది. వాళ్ల లాయరు ఏం వాదించాడో తెలుసా, మావాడు హిందీ సినిమాలు చూసి పెరిగాడు, అక్కడ ఇలా వెంటపడితే అమ్మాయి ఒప్పుకుంటుందని చూపిస్తారు, అందుకని తప్పనిపించలేదు అని. జైలుకి పంపకుండా, ఐదేళ్లు బుద్ధిగా ఉండాలని షరతు పెట్టి వదిలేశారు. నేనేమీ సినిమాల వల్లే అంటంలేదు, వాళ్ల లాయరే అన్నాడు.

*

ప్రశ్న: హీరోకి అరవై, హీరోయిన్ కి పాతికా? ఇది ఇప్పటి జబ్బేనా?
(పేరు వద్దన్నారు, గుంటూరు)

జవాబు: 1972లో బడిపంతులు సినిమాలో శ్రీదేవి ఎన్టీఆర్ కి మనవరాలు. 1979లో వేటగాడులో అదే ఎన్టీఆర్ కి హీరోయిన్. అప్పటికి ఆ అమ్మాయికి అటూ ఇటూగా 16, ఆయనకి 56. హిట్టే అయింది, మనమే చూశాం, వానపాటకి మనమే ఈలలు వేశాం. ఆయనకి మనవరాలు పెరిగి హీరోయిన్ అవ్వొచ్చు, ఆయనతో హీరోయిన్లుగా చేసినవాళ్లకి మాత్రం అమ్మ వేషాలు, వదిన వేషాలు.

*

ప్రశ్న: మేము డల్లాస్ లో ఉంటాం. మా పాపకి తొమ్మిదేళ్లు, లైబ్రరీ నుంచి సూపర్ హీరో కామిక్స్ తెచ్చుకుంటుంది. ఆ బొమ్మల్లో ఆడవాళ్ల బట్టలు చూసి మా ఆయన కంగారు పడుతున్నారు. మాన్పించాలా? మన అమర్ చిత్ర కథలు ఇవ్వమంటారా?
(ఒక అమ్మ)

జవాబు: మాన్పించకమ్మా, పక్కన కూర్చుని చదువు. మళ్లీ బట్టల దగ్గరే ఆగిపోయారు మీ ఆయన. బట్టల కన్నా ఆ బొమ్మ నిలబడ్డ తీరు చూడమను. వెన్నెముక ఉన్న మనిషి అలా నిలబడలేదు, ముందూ వెనకా రెండూ ఒకేసారి కనబడాలని నడుము మెలి తిప్పేస్తారు. 2012లో కొందరు సరదాగా ఒక పని చేశారు, హాకై అనే మగ హీరోని అచ్చం ఆడ పాత్రల పోజుల్లో బొమ్మలేసి నెట్లో పెట్టారు. చూస్తే నవ్వాగదు. మీ పాపని కూడా అలాంటి బొమ్మ వేయమను, వంద ఉపన్యాసాల పెట్టు.

వండర్ ఉమన్ కథ చెప్పు పాపకి. 1941లో విలియం మార్స్టన్ అనే సైకాలజిస్టు పుట్టించాడు ఆవిడని, లై డిటెక్టర్ వెనకాల పరిశోధన చేసినవాళ్లలో ఆయనొకడు. దేవతలిచ్చిన బలం, బుల్లెట్లని గాజులతో ఆపుతుంది, అంతటావిడని తీసుకెళ్లి హీరోల సంఘంలో చేర్చి ఏం పనిచ్చారు అనుకున్నావు? సెక్రటరీ! మగాళ్లంతా యుద్ధానికి పోతే ఈవిడ ఆఫీసు చూసుకోవాలి. మన ఆఫీసుల్లో ఇప్పటికీ మీటింగ్ లో నోట్స్ రాయమని ఆడపిల్లకే చెప్తారు చూడు, సేమ్. డెబ్భైల్లో టీవీ సీరియల్ వచ్చింది గానీ ఆవిడ పేరు మీద పెద్ద సినిమా రావడానికి 2017 దాకా పట్టింది, సూపర్ మ్యాన్ కి 1978లోనే వచ్చేసింది.

ఇంకోటి, పాప కొంచెం పెద్దయ్యాక. 1994లో గ్రీన్ లాంటర్న్ అనే కామిక్ లో హీరో ఇంటికొచ్చేసరికి విలన్ అతని గర్ల్ ఫ్రెండ్ ని చంపి ఫ్రిజ్ లో పెట్టి పోతాడు. హీరోకి కోపం రావాలి కదా, అందుకు. గెయిల్ సిమోన్ అనే ఆవిడ, అప్పటికి హెయిర్ డ్రెసర్, ఇలా హీరోకి కోపం తెప్పించడం కోసం చచ్చిపోయిన, బలం పోగొట్టుకున్న ఆడ పాత్రల లిస్టు ఒకటి రాసి 1999లో నెట్లో పెట్టింది. ఫ్రిజ్ లో ఆడవాళ్లు అనే పేరు అలాగే స్థిరపడిపోయింది. తర్వాత ఆవిడే వండర్ ఉమన్ కథలు కూడా రాసింది.

మన సినిమాల్లో ఫ్రిజ్ అక్కర్లేదమ్మా, చెల్లెలు ఉంది. మొదటి అరగంటలో రాఖీ కడుతుంది, అన్నయ్యకి పాయసం తినిపిస్తుంది, కాలేజీకి బయల్దేరుతుంది. థియేటర్ లో మా మరదలు నా చెవిలో "అయిపోయింది దీని పని" అంటుంది, ఇంటర్వెల్ లోపు అయిపోతుంది కూడా. ఆ పిల్లకి ఏం కావాలనుందో, బతికుంటే ఏం చేసేదో ఎవడికీ పట్టదు, అన్నయ్య కత్తి తీయాలి అంతే.

అమర్ చిత్ర కథలు ఇవ్వు, తప్పకుండా ఇవ్వు, 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టినప్పట్నుంచి రెండు తరాలు వాటి మీదే పెరిగాయి. ఝాన్సీ రాణి ఇవ్వు, మీరాబాయి ఇవ్వు. కానీ వాటిలో పద్మిని లాంటివి కూడా ఉన్నాయి, అందులో ఆడమనిషి చేసే గొప్ప పని మంటల్లో దూకడం. ఆ అమెరికా బొమ్మల బట్టలు చూసి కంగారుపడ్డ మీ ఆయన ఇది చూసి కంగారు పడతారా? నేనైతే ఇదే ముందు పక్కన పెడతా. కమలా ఖాన్ అని మిస్ మార్వెల్ కథలు దొరుకుతాయి, న్యూజెర్సీలో ఉండే పాకిస్తానీ కుటుంబం అమ్మాయి, ఇంట్లో అమ్మ కేకలు, ఫ్రెండ్స్ తో పార్టీకి పంపరు, అక్కడ పెరిగే మన పిల్లలకి చాలా దగ్గరగా ఉంటుంది, అది ట్రై చెయ్యి.

*

ప్రశ్న: పాత వారపత్రికలు కట్టలు కట్టి దాచుకున్నాను. ఈమధ్య తిరగేస్తే కార్టూన్లన్నీ ఒకటే, పెళ్లాం చేతిలో అప్పడాల కర్ర, బాసు పక్కన స్టెనో. అప్పుడు పడీపడీ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావట్లేదు, నాకే వయసైపోయిందా?
(రిటైర్డ్ మాస్టారు, విశాఖపట్నం)

జవాబు: మీకు కాదు మాస్టారూ, జోక్ కి వయసైపోయింది. అప్పడాల కర్రతో మొగుణ్ణి కొట్టిన ఆడవాళ్లని నేనింతవరకు చూడలేదు, వేరే వైపు నుంచి చాలా చూశాను. ఆ స్టెనో సంగతైతే ఇంకా బాధ, ఆరోజుల్లో టైపు షార్ట్ హ్యాండ్ నేర్చుకుని ఉద్యోగానికెళ్లిన అమ్మాయి అంటే ఇంట్లో తమ్ముళ్లని చదివించే అమ్మాయి, మా పెద్దక్క అలాగే మమ్మల్ని చదివించింది, ఆవిడకి ఆ కార్టూన్లు చూపించేవాళ్లం కాదు. ఇప్పుడు అవే జోకులు వాట్సాప్ లోకి వచ్చాయి, కర్ర ఒక్కటే మారలేదు. తెలుగులో మొదటి మహిళా కార్టూనిస్టుగా చెప్పుకునే రాగతి పండరి గారు మీ ఊరావిడే కదా, పోలియోతో నడవలేని పరిస్థితిలో వేల కార్టూన్లు వేశారు, 2015లో పోయారు. మీ కట్టల్లో ఆవిడవి తప్పకుండా ఉంటాయి, విడిగా తీసి పెట్టండి మాస్టారూ, మీ మనవరాళ్లకి పనికొస్తాయి.

బాపు బొమ్మ గురించి కూడా అడిగారు, అది విడిగా రాయాలి. ఒక్క మాట, ఆ గీత అద్భుతం, కాకపోతే పెళ్లిచూపుల్లో ప్రతి ఆడపిల్లనీ ఆ గీతతో కొలవడం మొదలెట్టాం చూశారా, అది బాపు గారి తప్పు కాదు.

*

ప్రశ్న: కథ రాసేది, తీసేది ఆడవాళ్లైతే ఏమైనా తేడా ఉంటుందంటారా?
(బీఏ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: ఉంటుంది, కానీ గ్యారంటీ లేదు. యద్దనపూడి సెక్రటరీ నవల చదివావా? జయంతి ఉద్యోగం చేస్తుంది, ఆత్మాభిమానం మెండు, బాసు ముందు తల వంచదు. హీరో రాజశేఖరం మాత్రం ఎత్తుగా ఉండాలి, కారు పొడుగ్గా ఉండాలి, అది వేరే కథ, మేమంతా అలాంటి కారు కోసం చాలా ఏళ్లు రోడ్డు వైపు చూశాం. 1976లో వాణిశ్రీతో సినిమాగా వచ్చింది. యద్దనపూడి నవలతోనే విజయనిర్మల 1973లో మీనా తీశారు, అలా తీస్తూ తీస్తూ నలభైకి పైగా సినిమాలకి డైరెక్షన్ చేసి 2002లో గిన్నిస్ లోకి ఎక్కారు. అంతకు ముందే 1953లో భానుమతి చండీరాణిని మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది. అంటే దారి ఎప్పుడో వేశారు, తర్వాత వాళ్ల వెనక ఎక్కువమందిని నడవనివ్వలేదు. నందినీరెడ్డి ఓ బేబీ (2019)లో డెబ్భై ఏళ్ల ముసలమ్మ కోరికలతో సినిమా మొత్తం నడిపింది, కొరియా కథే అయినా మనింటి బామ్మలాగే ఉంది.

*

ప్రశ్న: సెన్సారు వాళ్లు ఏం చేస్తున్నారండీ?
(ఖమ్మం)

జవాబు: ఆడవాళ్లని కించపరిచే దృశ్యాలు ఉండకూడదని 1991 నుంచీ వాళ్ల మార్గదర్శకాల్లోనే రాసుంది. ఆడవాళ్లని అసభ్యంగా చూపించకూడదని 1986లో చట్టం కూడా వచ్చింది, కానీ సెన్సారు పరిధిలోకొచ్చే సినిమాలకి ఆ నిషేధం వర్తించదని అందులోనే మినహాయింపు పెట్టారు. పోస్టర్ మీద కేసు వేయొచ్చు, సినిమా మీద సెన్సారునే అడగాలి. 2025 మార్చిలో పాటల్లో స్టెప్పులు మరీ హద్దు దాటుతున్నాయని తెలంగాణ మహిళా కమిషన్ సినిమావాళ్లకి హెచ్చరిక ఇచ్చింది. ఆ స్టెప్పు కంపోజ్ చేసినాయన్ని ఎవరూ ఏమనరు, వేసిన అమ్మాయినే అంటారు, నాకు కోపం అక్కడే. ఏలూరు దగ్గర కొవ్వలి నుంచి వెళ్లిన విజయలక్ష్మిని సిల్క్ స్మిత చేసి, దేశమంతా చూసి, దేశమంతా తిట్టి, 1996లో పోయాక దేశమంతా జాలిపడింది.

*

ప్రశ్న: ఇంతకీ పోయిన నెల మీరు చెప్పిన ఆ సినిమా ఏంటి? ఆ హీరోయిన్ ఏం పని చేస్తుంది?
(చాలామంది, చాలా ఊళ్ల నుంచి)

జవాబు: సినిమా పేరు చెప్పను, ఆ హీరో ఫ్యాన్స్ మా వీధిలో ఉన్నారు. పని మాత్రం తెలిసింది. మా మరదలు ఓటీటీలో మళ్లీ చూసి ఫోన్ చేసింది, "వదినా, ఆ అమ్మాయి డాక్టరట, మొదటి సీన్లో తెల్లకోటు వేసుకుంది, మనం అప్పుడు పాప్ కార్న్ లైన్లో ఉన్నాం." స్టెతస్కోప్ కూడా ఉందట, ఒక పాటలో. హీరో మెడలో.